స్కాల్దఫోర్నోలు ఎంతమంది?

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా రాయచోటి ఇంటి ముందు ఆటో ఆగి, అందులోంచి ఒక ఇటలీ పిల్ల దిగింది. పిల్ల అంటున్నాను గానీ నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. నా వయసుకు అందరూ పిల్లలే. ఎండకు మొహం ఎర్రగా కందిపోయి ఉంది. చంకలో ఒక చెప్పుల డబ్బా ఇరికించుకుని, చేతిలో చీటీ చూసి నా పేరు కూడబలుక్కుంటూ చదివింది: షేక్ ఖాదర్ బాషా. ఆ పేరుతో మా వీధిలోనే నలుగురం ఉన్నాం. ఆటోవాడు మిగతా ముగ్గురి ఇళ్ళూ చూపించి, ముగ్గురి చేతా కాదనిపించుకుని, చివరికి నా దగ్గరికి తెచ్చాడట. "నేను మార్తా స్కాల్దఫోర్నో," అంది. వినగానే నడుము నొప్పి మరిచిపోయి లేచి నిలబడ్డాను. కువైట్లో ఆ పేరును ఈ చేతులతో కొన్ని వందలసార్లు టైపు కొట్టాను. నా సొంత పేరు కూడా జీవితంలో అన్నిసార్లు రాసుకోలేదు.

ఆమె మంచం మీద కూర్చుని డబ్బా మూత తీసింది. లోపల పోస్టుకార్డు సైజు అట్టముక్కలు, వరసగా, నేను పేర్చినవే. పాత కాగితం వాసన, టైపు రిబ్బను వాసన, వాటి అడుగున సన్నగా వెల్లుల్లి వాసన. నలభై ఏళ్ళు వెల్లుల్లి వాసన ఎట్లా నిలుస్తుందని మా ఆవిడ వాదించింది. నిలుస్తుంది. కువైట్లో ఆ డబ్బా ఏళ్ళ తరబడి ఉన్నది మా వంటమనిషి రాజయ్య వంటింటి అలమరలో. మార్తా వాళ్ళ నాన్న పోయి కొన్నేళ్ళయిందట. అమ్మ మొన్న చలికాలంలో పోయింది. మార్తా చిన్నప్పుడు ఆ అమ్మ ఒక కథ చెప్పేదట, కూతురేమో అది పిల్లల్ని నిద్రపుచ్చడానికి కల్పించింది అనుకుంది. అమ్మ పోయాక ఈ డబ్బాలో ఒక టైపు కాగితం కనబడింది. కింద ఒక వేలిముద్ర, సాక్షిగా నా సంతకం, నా ఊరు. "ఇది నిజంగా జరిగిందా?" అని అడగడానికి అంత దూరం నుంచి వచ్చింది. జరిగింది. ఎట్లా జరిగిందో ఆమెకు నా వంకర ఇంగ్లీషులో చెప్పాను, ఇప్పుడు తెలుగులో తీరిగ్గా చెబుతాను.

కువైట్లో అల్ రాయ్ పేట అంటే ఈ రోజుల్లో కార్ల షోరూములు, అద్దాల తళుకులు చెబుతారు. నేనున్నప్పుడు మా వైపంతా రేకుల షెడ్లు, గోదాములు, గ్రీజు మరకల నేల. నీళ్ళ పంపులు బాగుచేసే ఒక ఇటలీ కంట్రాక్టు కంపెనీలో నేను టైపిస్టును. షెడ్డు వెనకాల ఒక ఇల్లు ఉండేది. ముందు గది ఆఫీసు, వెనక గది వంటిల్లు, పైన ఇంజనీరు నివాసం. ఆయన పేరు ఎత్తోరె స్కాల్దఫోర్నో. అరబ్బీలో ఇంజనీరును ముహందిస్ అంటారు, మేమూ అదే అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి, పెళ్ళి కాలేదు. గాలి కూడా కాలే జూలైలో టై కట్టుకుని షెడ్డులోకి వచ్చేవాడు. పంపుల పని ఆయనకు పక్కపని. అసలు పని తన ఇంటిపేరు వెతుక్కోవడం. ప్రపంచంలో స్కాల్దఫోర్నోలు ఎంతమంది ఉన్నారు, ఎక్కడున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు అన్నదే ఆయనకు పొద్దున లేచింది మొదలు ధ్యాస. ఇటలీకి సెలవు మీద పోయే ప్రతివాడూ తిరిగి వచ్చేటప్పుడు ఒక ఊరి టెలిఫోన్ డైరెక్టరీ తేవాలి. మిగతా కంపెనీలవాళ్ళు చాక్లెట్లు, జున్ను తెచ్చుకునేవారు. మావాళ్ళు విమానాశ్రయంలో డైరెక్టరీలు మోసుకొచ్చి, ఇవి దేనికని కస్టమ్స్ వాళ్ళు అడిగితే నీళ్ళు నమిలేవాళ్ళు.

కొత్త డైరెక్టరీ వచ్చిన రోజు మాకు పండగ లాంటి హడావుడి. ముహందిస్ చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పుస్తకం నా ముందు పెట్టేవాడు. నేను స్కేలు పెట్టి ఒక్కో పేరూ దిగుతుంటే ఆయన నా భుజం మీదుగా ఊపిరి పీలుస్తూ నిలబడేవాడు. దొరకదు. దొరకలేదంటే ఆయనకు ఒకవైపు గర్వం, మా పేరు అంత అరుదు అని, ఇంకోవైపు దిగులు. ఎప్పుడో నాలుగైదు నెలలకు ఒకరు దొరికితే ఒక అట్టముక్క టైపు చేసి, ఆ ఇంటికి ఉత్తరం రాసి, ఎదురుచూడ్డం. ఆరేళ్ళలో పద్నాలుగు ఇళ్ళు దొరికాయి. అందులో సగం ఇళ్ళలో ముసలివాళ్ళే. ఈ పిచ్చి అంతా ఎందుకో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఒకసారి కొండల్లోని వాళ్ళ ఊరి నుంచి తల్లి రాసిన ఉత్తరం చదివి వినిపించాడు. ఎనభై దాటిన ఆ తల్లి రాసింది రెండే మాటలు: నువ్వు పెళ్ళి చేసుకోలేదు, మీ నాన్న పేరు నీతో ఆఖరు. ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, కాసేపు పంపుల బొమ్మల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు నాకు ఆ మనిషి మీద జాలి కలిగింది. పెళ్ళి చేసుకుందామంటే ఆ వయసులో, ఆ ఎండలో, ఆ టైలో ఎవరు దొరుకుతారు?

పేరు పుట్టుక గురించి ఆయనకు పెద్ద ఆశలుండేవి. మా మూలపురుషుడు ఒక జమీందారు అయ్యుంటాడని చెప్పేవాడు. చివరికి వాళ్ళ ఊరి చర్చి పాదిరీ పాత దస్తావేజులు తిరగేసి రాశాడు: మీ మూలపురుషుడు ఊరుమ్మడి రొట్టెల పొయ్యి రాజేసేవాడు, మీ పేరుకు అర్థం కూడా అదే, ఈ పేరున్నవాళ్ళంతా ఆ ఒక్కడి పిల్లలే. ముహందిస్ మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు వంటమనిషి రాజయ్య పైకి పోయి మాట్లాడాడు. మ్యాకల రాజయ్యది జగిత్యాల దగ్గర పల్లె. ఎవరితోనైనా తెలుగులోనే మాట్లాడేవాడు, మధ్యలో నాలుగు అరబ్బీ మాటలు వేస్తే ఎదుటివాడికి అర్థమవుతుందని అతని నమ్మకం. నిజంగానే అర్థమయ్యేది.

"ముహందిస్, గిండ్ల సిగ్గేమున్నది? మీ తాత పొయ్యి రాజేసిండు, నేనూ రాజేస్తున్న. మనిద్దరిది ఒక్కటే పని. ఖలాస్. లేచి తిను, యల్లా," అన్నాడు. ముహందిస్ లేచి చింతపండు వేసిన సేమ్యా తిన్నాడు. సేమ్యా అంటే వాళ్ళ దేశపు సేమ్యానే, టమాటా పులుసులో రాజయ్య చింతపండు కలిపేవాడు. తొమ్మిదేళ్ళుగా అది తిని తిని ముహందిస్, సెలవుల్లో ఇంటికి పోతే తల్లి వంటలో ఏదో తక్కువైందనేవాడు. ఆ తరవాత మనిషి ఉత్సాహంగా పెద్ద నీలం కాగితం వెనకవైపు వంశవృక్షం గీశాడు. కింద పద్నాలుగు ఇళ్ళు, పైన పొయ్యి దగ్గర ఒక్కడు. అందరూ ఒక్కడి సంతానమని రుజువైందంటూ భోజనాల గది గోడకు తగిలించాడు. వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు, పంపులు అమ్మడానికి వచ్చినవాడిని కూడా వదిలేవాడు కాదు.

ఒకసారి నా ఇంటిపేరువాళ్ళు ఎంతమంది అని అడిగాడు. మా వీధిలో నిలబడి 'షేక్' అని పిలిస్తే మేకలు తప్ప అందరూ తలతిప్పుతారని చెప్పాను. పాపం అన్నట్టు నా వైపు చూశాడు. రాజయ్య మాత్రం గంటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చి, "తక్కువుంటె గొప్పేంది తమ్మీ? మా మ్యాకలోళ్ళు మా ఊర్లె నలభై గడప. లగ్గమైనా సావైనా మంది తక్కువ గారు," అన్నాడు. నేను ఆ మాట ముహందిస్‌కు చెప్పలేదు, ఆయన బాధపడతాడని.

అప్పుడు జరిగింది అసలు వింత. కువైట్లో టపా ఇంటికి రాదు, సిటీలోని పోస్టాఫీసులో పెట్టె ఉంటుంది, మనమే పోయి తెచ్చుకోవాలి. వారానికి రెండుసార్లు నేను బస్సెక్కి పోయేవాణ్ణి. ఒకనాడు ఇటలీ నుంచి వచ్చిన ఒక ఉత్తరం తెచ్చి ఇచ్చాను. ముహందిస్ కవరు చించి, రెండు లైన్లు చదివి, కుర్చీలోంచి జారాడు. అది ఆయనకు రాసింది కాదు. లీనా స్కాల్దఫోర్నో అనే ఆమెకు, ఆమె పినతల్లి రాసింది. పోస్టాఫీసులో సార్టింగు చేసేవాడికి ఈ పేరు కువైట్లో ఒక్కరికే ఉంటుందని ఆరేళ్ళ అనుభవం. పెట్టె నంబరు కూడా చూడకుండా మా పెట్టెలో పడేశాడు. ఇటలీ అంతా గాలించిన మనిషికి, నాలుగు మైళ్ళ దూరంలో ఒక కువైటీ ఇంట్లో పిల్లలకు పియానో నేర్పే టీచరమ్మ తన ఇంటిపేరుతోనే ఉందని అప్పుడు తెలిసింది. టెలిఫోన్ ఇంటి యజమాని పేరు మీద ఉండబట్టి డైరెక్టరీలో దొరకలేదు.

లీనాగారికి ముప్పై తొమ్మిదేళ్ళు. పొడుగు మనిషి, తక్కువగా మాట్లాడేది. చింపిన ఉత్తరం తిరిగి ఇచ్చి క్షమాపణ చెప్పడానికి ముహందిస్ వెళ్ళాడు. తరవాతి శుక్రవారం ఆమె భోజనానికి వచ్చింది. ఆ తరవాత ప్రతి శుక్రవారమూ వచ్చింది. మా పులుసు సేమ్యా మొదటిరోజే రెండోసారి వడ్డించుకుంది. రాజయ్య ఆమెకు అక్కడే దాసోహమయ్యాడు. ఆమె తాతలు ఎవరో కనుక్కుని ముహందిస్ ఆనందంగా వంశవృక్షంలో ఆమెకూ ఒక గీత గీశాడు. ఏడు తరాల వెనక ఇద్దరి గీతలూ కలిశాయి. కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఇద్దరికీ చెప్పాడు: మేం పెళ్ళి చేసుకుంటున్నాం, అమ్మకు రాశాను.  నేను లేచి చేయి కలిపాను. రాజయ్య చేతిలోంచి గంటె కింద పడింది.

"ఇంటిపేరు ఒక్కటి గాదు?" అన్నాడు రాజయ్య. "నువ్వే జెప్పినవు గదా ముహందిస్, అందరు ఒక్కని పిల్లలే అని. గోడకేసి పెట్టినవు. అన్నచెల్లెండ్లయితరు. చెల్లెను జేసుకుంటరా ఎవరన్న?"

ముహందిస్ నవ్వాడు. ఏడు తరాలంటే ఏ చర్చీ కాదనదని చెప్పాడు. కానీ లీనాగారు నవ్వలేదు. రాజయ్య మాటలు నన్ను అడిగి మళ్ళీ చెప్పించుకుంది. లేచి గోడ దగ్గరికి పోయి, తన గీత మీద వేలు పెట్టి పైదాకా తీసుకుపోయింది. ఆమె పుట్టకముందే తండ్రి యుద్ధంలో పోయాడు, పినతల్లి పెంచింది. తండ్రి అంటే ఆమెకు మిగిలింది ఆ పేరొక్కటే. "మా నాన్న వాళ్ళ మనిషి దొరికాడని సంతోషపడ్డాను. వాళ్ళ మనిషినే ఎట్లా పెళ్ళాడను?" అంది. తరవాతి శుక్రవారం రాలేదు, ఆ పైవారమూ రాలేదు. ముహందిస్ ఆరేళ్ళు కష్టపడి నిరూపించిన సంగతే ఆయన పెళ్ళికి అడ్డం పడింది. గోడ మీది కాగితం దించి చుట్ట చుట్టాడు. కంచం ముట్టుకోలేదు. తల్లికి ఏమని రాయాలో తెలియక, టైపు మిషను ముందు నన్ను కూర్చోబెట్టి, తేదీ మాత్రం చెప్పి లేచి పోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏమన్నా రాజన్నా, నీ నోరు ఊరుకోదా? నా పెండ్లాం మా చిన్నాయన కూతురే గదా. ఇద్దరం షేకులమే. నేనేమన్నా పాపం చేసినానా?" అని వంటింట్లోకి పోయి అరిచాను.

"మీది మీకు చెల్లుతది తమ్మీ. గాయన తొమ్మిదేండ్లు నా చేతి కూడు తిన్నడు. మా లెక్కల్నే అస్తడు," అన్నాడు రాజయ్య. అని, ఉల్లిగడ్డలు తరుగుతూ ఏడ్చాడు. ఉల్లిగడ్డల వల్ల కాదు. మనిషి తిండి మానేస్తే వంటవాడికి అంతకన్న శిక్ష లేదు. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు నా బల్ల దగ్గరికి వచ్చి దారి చెప్పాడు. వాళ్ళ దిక్కున సంబంధం నచ్చి ఇంటిపేరు కలిస్తే, పిల్లను వేరే ఇంటిపేరువాళ్ళు సాదుకుంటారు. దత్తత తీసుకుని, తమ బిడ్డగా చేసుకుని, అప్పుడు కన్యాదానం చేస్తారు. "నేను సాదుకుంట. మ్యాకల లీనవ్వ అయితది. ఇంక అడ్డమేంది?" అప్పటికి రాజయ్యకు ముప్పై అయిదేళ్ళు. బిడ్డ కంటే తండ్రి నాలుగేళ్ళు చిన్నవాడు. ఆ మాట నేనంటే, వయసు పేరుకు అడ్డం కాదన్నాడు.

ఇద్దరం సిటీ బస్సెక్కి లీనాగారి దగ్గరికి పోయాం. పియానో ముందు నిలబడి నేను తర్జుమా చేశాను, రాజయ్య చేతులు కట్టుకున్నాడు. ఆమె నవ్వుతుందనో కోప్పడుతుందనో అనుకున్నాను. ఆమె పియానో మూత దించింది. తరవాత, "తండ్రి అంటే ఆయన ఏం చేయాలి?" అని అడిగింది. ఆమె నిజంగానే అడిగింది, ఆమెకు తెలియదు.

రాజయ్య తడుముకోలేదు. "పండుగకు చీర పెడత. మొగడు కొడితే అడగనీకి అస్త. కష్టమస్తే మా ఇంటికి రావచ్చు, ఎన్ని దినాలైనా ఉండచ్చు. రేపు సచ్చిపోతివనుకో, మా నలభై గడపలు నీ పేరు మీద తానం జేస్తయి. గింతే," అన్నాడు. నేను చావు సంగతి తర్జుమాలో మింగేద్దామనుకున్నాను. ఎందుకో మింగలేకపోయాను, చెప్పేశాను. ఆమె కళ్ళు తుడుచుకుని సరేనంది.

మిగిలింది తంతు. దత్తత ఇవ్వడానికి పిల్ల తరఫున ఒక స్కాల్దఫోర్నో ఉండాలి. కువైట్లో ఉన్న ఇంకో స్కాల్దఫోర్నో పెళ్ళికొడుకు ఒక్కడే. కాబట్టి ఆయనే గురువారం పొద్దున ఆమెను రాజయ్యకు కూతురిగా ఇవ్వాలి, రాజయ్య ఆమెను సాయంత్రం ఆయనకే భార్యగా ఇవ్వాలి. ముహందిస్‌కు ఇది వివరిస్తే పంపు బొమ్మలాగా కాగితం మీద బాణాలు గీసుకుని అర్థం చేసుకున్నాడు. ఇక తండ్రి పక్కన తల్లి కూర్చోవాలి. రాజయ్య భార్య లచ్చవ్వ ఊళ్ళో ఉంది. ఆ రోజుల్లో ఉత్తరాలు రాయలేనివాళ్ళు క్యాసెట్లలో మాట్లాడి, సెలవు మీద వచ్చిపోయేవాళ్ళ చేత పంపేవాళ్ళు. సంగతి చెప్పి రాజయ్య క్యాసెట్ పంపాడు, ఏడు వారాలకు జవాబు క్యాసెట్ వచ్చింది, దాంతోపాటు పసుపుపచ్చ చీర. ముహందిస్ ఆ ఏడు వారాలూ మళ్ళీ సుబ్బరంగా తిన్నాడు.

గురువారం నాడు భోజనాల గదిలో బల్ల పక్కకు జరిపి, రెండు కుర్చీలు వేశాం. ఒకదాంట్లో రాజయ్య, పక్కదాంట్లో లచ్చవ్వ స్థానంలో టేప్‌రికార్డర్. దానికి పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఎదురుగా పసుపు చీరలో లీనాగారు, టైలో ముహందిస్. కాఫీ కెటిల్‌తో నీళ్ళు ధార పోసి ముహందిస్ ఆమెను ఇచ్చాడు. నేను మీట నొక్కాను. టేపు గరగరమని, కోళ్ళ అరుపులు వినిపించి, ఆ వెనక లచ్చవ్వ గొంతు వచ్చింది. "బిడ్డా లీనవ్వా, నేను నీ తల్లిని. నిన్ను నేను జూడలే. చీర కుదురుతదో లేదో, నువ్వు మస్తు పొడుగట. మొగడు మంచోడే అని మీ నాయన జెప్పిండు. ఎప్పుడన్న రా బిడ్డా." అంతే, మళ్ళీ కోళ్ళు. లీనాగారు వంగి టేప్‌రికార్డర్ కాళ్ళకు దండం పెట్టింది, రాజయ్య నేర్పినట్టే. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను, తీరా చూస్తే నా కళ్ళలో నీళ్ళు. కాగితం నేను టైపు చేశాను, రాజయ్య వేలిముద్ర వేశాడు. సాయంత్రం రాజయ్య పద్ధతిలో పెళ్ళి, శుక్రవారం సిటీలోని చర్చిలో వాళ్ళ పద్ధతి. చర్చిలో నా కోటు వేసుకుని, తన కంటే తలెత్తు పొడుగున్న కూతుర్ని రాజయ్య చేయి పట్టుకుని నడిపించాడు.

పెళ్ళయినాక మొగుడింటి పేరు వస్తుంది కాబట్టి, గురువారం పొద్దున వదిలిన పేరు ఆమెకు శుక్రవారానికి మళ్ళీ వస్తుందని ముహందిస్ సంబరపడ్డాడు. లీనాగారు ఒప్పుకోలేదు. మా దేశంలో ఆడవాళ్ళు నాన్న పేరే ఉంచుకుంటారు, మా నాన్న రాజయ్య అంది. ఆ రోజు నుంచి లీనా మ్యాకల అనే సంతకం పెట్టింది. పాపం ముహందిస్, చచ్చీ చెడీ దొరకబుచ్చుకున్న ఒక స్కాల్దఫోర్నోను పెళ్ళాడి పోగొట్టుకున్నాడు. డబ్బాలోంచి ఆమె అట్టముక్క తీసి, లెక్కలో ఒకటి తగ్గించి రాశాడు. మరుసటి ఏడాది మార్తా పుట్టింది, ఒకటి పెంచి రాశాడు. కొండల్లోని తల్లికి ఆ వార్త అందింది. అందిన నెలకు ఆమె పోయిందట.

తరవాత కంపెనీ మూతపడింది, ఎవరి దారిన వాళ్ళం వచ్చేశాం. రాజయ్య పోయి పదేళ్ళు దాటింది. ఏటా ఇటలీ నుంచి లచ్చవ్వకు ఒక రంగుల కార్డు వచ్చేదని, చదవలేక దేవుడి గూట్లో పెట్టేవారని అతని కొడుకు గంగరాజు ఫోనులో చెప్పేవాడు. మార్తా ఇదంతా విని, తన ఫోను తీసి నాకు చూపించింది. పేరు కొడితే చాలు, ఇటలీ పటం మీద ఆ పేరువాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలు పడతాయి. స్కాల్దఫోర్నో అని కొట్టింది. ఒకే చుక్క. అది తనే, మిగతా ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయట. మేం ఆరేళ్ళు స్కేలు పెట్టి వెతికింది ఇప్పుడు అరక్షణం. తొందరగా తెలిసింది గానీ, భుజం మీదుగా ఊపిరి పీల్చే మనిషి లేడు. తరవాత మ్యాకల అని కొట్టింది. వాళ్ళ అమ్మ పెట్టుకున్న ఆ పేరు ఎక్కడ పుట్టిందో తెలియదని అక్కడ రాసి ఉంది. సమాధి ఫోటో చూపించింది. రాయి మీద లీనా మ్యాకల అని ఉంది.

గంగరాజుకు ఫోను చేశాను. లచ్చవ్వ ఉంది, డెబ్బై దాటింది, చెవులు బాగానే పనిచేస్తున్నాయట. లీనవ్వ బిడ్డ మా ఇంటికి వచ్చిందని, తల్లి చలికాలంలో పోయిందని చెప్పి, ఫోను గట్టిగా వినబడేట్టు పెట్టాను.  అవతల క్యాసెట్లో విన్న గొంతే, కాస్త బొంగురుపోయి.

"నా పెద్దబిడ్డ పోతే గిన్ని దినాలకు జెప్తరా?" అంది లచ్చవ్వ. మాకు చెప్పడం మాని ఇంట్లోవాళ్ళ మీదికి తిరిగింది. "గంగా, నీళ్ళు వెట్టుమను. అందరికి జెప్పిరా పో, ఇంటాడిబిడ్డ పోయిందని. ఒక్క గడప ఇడువకు."

మార్తా నా మొహం చూస్తోంది. ఆమె ఏమంటోందని అడిగింది. ఫోనులో అవతల గంగరాజు చెప్పుల చప్పుడు, వీధిలో ఎవరినో పేరు పెట్టి పిలవడం, బిందె బావి గట్టుకు తగిలిన శబ్దం వినిపిస్తున్నాయి. మీ అమ్మ కోసం నలభై ఇళ్ళవాళ్ళు నీళ్ళు పోసుకోబోతున్నారని చెప్పాను.